ఛాయిస్‌లో వదిలేసిన అడవి

కాలేజీ బ్రోషర్ వెనక అట్ట మీద నిన్నమొన్నటి దాకా ప్యాకేజీలు కొట్టిన పిల్లల ఫొటోలే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన ఒక ఆకు మొలిచింది. ఆకు కింద ‘గ్రీన్ క్యాంపస్’ అని, దాని కింద ఏదో అంతర్జాతీయ ర్యాంకు. ఇంటర్ ఫలితాలు రాగానే ఈ బ్రోషర్ల కట్టలు బండికి తగిలించుకుని పీఆర్వోలు పల్నాడు పల్లెల్లోకి దిగుతారు. శావల్యాపురం సెంటర్లో టీ కొట్టు దగ్గర ఒక మిర్చి రైతు అలాంటి పీఆర్వోకు దొరికాడనుకోండి. సంభాషణ ఇట్టా ఉంటుంది.

“బాబాయ్, మాది మామూలు కాలేజీ కాదు, సస్టెయినబుల్ క్యాంపస్.”

“అంటే ఏందబ్బాయ్?”

“చెట్లు, సోలారు, ప్లాస్టిక్ ఉండదు. ప్రపంచ ర్యాంకు కూడా వచ్చింది.”

“మంచిదే. మావోడు మధ్యలో మానేస్తే టెన్త్ సర్టిఫికెట్ వెనక్కిస్తారా?”

“అది ఆఫీసులో కనుక్కోవాలి బాబాయ్.”

పీఆర్వో దృష్టిలో ఆ రైతు విషయం అర్థంకాని మనిషి. నిజానికి కాలేజీ నైతికతను అంచనా వేయడానికి మొదట అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగాడు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడల్లా సర్టిఫికెట్ల గొడవ పేపర్లో పడుతూనే ఉంటుంది. పడనిదల్లా ర్యాంకు ఫారంలోనే.

ఇంతకీ ఆ ఆకు ఎక్కణ్నుంచి వచ్చింది? పచ్చదనానికి మార్కులేసే దుకాణాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ‘యూఐ గ్రీన్‌మెట్రిక్’ పాతవాటిలో ఒకటి. ఇండోనేసియా విశ్వవిద్యాలయం 2010లో దీన్ని మొదలుపెట్టింది. కొన్నేళ్ల పాటు వాడిన పట్టికలో మొత్తం 10,000 మార్కులు. ఇంధనం, వాతావరణానికి 21 శాతం, చెత్తకు 18, రవాణాకు 18, చదువు, పరిశోధనలకు 18, ఆవరణకు, కట్టడాలకు 15. నీటికి 10 శాతమే. సాగర్ కుడికాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే మండలంలో ఈ పేపరు తయారుచేయిస్తే ఆ అంకెలు కచ్చితంగా తారుమారవుతాయి.

మార్కుల పంపకం సంగతి అట్లా ఉంచితే, అసలు తిరకాసు ఫారం నింపడంలో ఉంది. వర్సిటీయే నింపుతుంది, వర్సిటీయే ఫొటోలు జతచేస్తుంది. అవతలివాళ్లు ఆ కాగితాలను పరిశీలించి మార్కులేస్తారు. పల్నాడులో ఎడ్ల బండలాగుడు పోటీలకు ఇంతకంటే గట్టి పద్ధతి ఉంది. బండ ఎన్ని అడుగులు జరిగిందో కమిటీ వాళ్లే టేపు పట్టి కొలుస్తారు, టైము ఇంకొకరు చూస్తారు, చుట్టూ వందల కళ్లు ఉంటాయి. “అయ్యా, మీ ఎడ్లు ఎంత దూరం లాగాయో రాసి, ఫొటో పెట్టి మెయిలు చేయండి” అని కమిటీ అంటే ఆ సాయంత్రం బరిలో ఎడ్లు కాదు, కుర్చీలు లేస్తాయి.

లండన్ టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ వాళ్లు 2019లో తెచ్చిన ‘ఇంపాక్ట్ ర్యాంకింగ్స్’ది ఇంకో తరహా. ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలే అందులో ప్రశ్నలు. పదిహేడూ రాయనక్కర్లేదు. పదిహేడోది ఒక్కటే తప్పనిసరి, దానికి 22 శాతం. మిగతావాటిలో బాగా వచ్చిన మూడింటిని తీసుకుని తలా 26 శాతం కలుపుతారు. తప్పనిసరి అన్న ఆ పదిహేడో లక్ష్యం భాగస్వామ్యాలు. మన కాలేజీల భాషలో ఎంఓయూలు. శాలువా, బొకే, ఫైలు పట్టుకుని గ్రూపు ఫొటో. ఈ ప్రశ్నకు జవాబు రాయలేని ప్రిన్సిపాల్ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉంటాడని నమ్మడం కష్టం. ఆరో లక్ష్యం తాగునీరు. కష్టంగా ఉందా? ఛాయిస్‌లో వదిలేయొచ్చు. పదిహేనోది నేలమీది జీవజాలం, అడవులు. అదీ ఛాయిసే.

కాలేజీలకు గ్రేడ్లిచ్చే మన సొంత నాక్ సంగతి చూద్దాం. బెంగళూరులో 1994లో పుట్టిన ఈ సంస్థ కొన్నేళ్ల పాటు వర్సిటీలకు 1000 మార్కుల పేపరిచ్చింది. అందులో ఏడో క్రైటీరియన్‌కు 100. విలువలు, ఉత్తమ ఆచరణలు, పర్యావరణం అన్నీ ఆ వందలోనే సర్దుకోవాల్సి వచ్చేది. వాహనాల రాకపోకలపై ఆంక్షలున్నాయా, బ్యాటరీ బండ్లున్నాయా, నడవడానికి బాటలున్నాయా, ప్లాస్టిక్ నిషేధమా, గ్రీన్ ఆడిట్ అయిందా అని అడిగేవారు. జవాబులకు జియోట్యాగ్ ఫొటోలు జతచేయాల్సి వచ్చేది.

టీమ్ వస్తోందన్న వారం కాలేజీలో తిరిగిన వాళ్లకు ఆ హడావుడి తెలుసు. చెట్ల మొదళ్లకు సున్నం, గోడలకు రంగు, ట్రాలీ ఆటోలో కుండీలు. కడియం నర్సరీ నుంచి వచ్చిన మొక్కల నల్ల కవర్లు కూడా విప్పకుండా కుండీల్లో దించి, పైన రంపపు పొట్టు చల్లుతారు. ఏ మొక్కకు ఆ మొక్క పేరు లాటిన్లో రాసిన బోర్డు. బోర్డులు రాసిన కుర్రాడు హడావుడిలో వేపకు కానుగ పేరు తగిలిస్తే, వేప చెట్టు పాపం రెండు రోజులు కానుగగా ఉండి, టీమ్ వెళ్లాక మళ్లీ వేప అవుతుంది.

కుండీలతో పోయేదైతే నవ్వి ఊరుకోవచ్చు. 2025 ఫిబ్రవరి 1న సీబీఐ చెప్పిన కథలో కుండీలు లేవు. శావల్యాపురం పిల్లలు గుంటూరు మీదుగా వెళ్లి చదువుకునే వడ్డేశ్వరంలోని కోనేరు లక్ష్మయ్య ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌కు ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం లంచం చేతులు మారిందన్న ఆరోపణపై కేసు పెట్టి, పదిమందిని అరెస్టు చేసింది. వాళ్లలో ఆ సంస్థ పెద్దలున్నారు, తనిఖీకి వచ్చిన నాక్ బృందం ఛైర్మనూ ఉన్నాడు. సోదాల్లో సుమారు 37 లక్షల నగదు, ఆరు ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్ దొరికాయని ప్రకటించింది. ఆరోపణలు నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. ‘విలువలు, ఉత్తమ ఆచరణలు’ అనే వంద మార్కులను కూడా ఆ బృందమే దిద్దాల్సి ఉందన్నది మాత్రం తేల్చాల్సిన పని లేని సంగతి.

పచ్చదనం పరీక్ష నిజంగా జరిగింది హైదరాబాద్‌లో. ఫారం మీద కాదు, నేల మీద.

జై ఆంధ్ర ఉద్యమం చల్లార్చడానికి కేంద్రం ఇచ్చిన ఆరు సూత్రాల పథకంలోంచి 1974లో పుట్టిన వర్సిటీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అంటే హెచ్‌సీయూ. గచ్చిబౌలిలో దానికి 2,300 ఎకరాలకు పైగా కేటాయించారు. అప్పుడది ఊరికి దూరంగా రాళ్లూ తుప్పలూ ఉన్న నేల. తర్వాత ఊరే దాని మీదికి నడిచొచ్చింది. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను క్రీడల పేరుతో ఐఎంజీ భారత అనే కంపెనీకి ఇచ్చింది. దానికి బదులుగా 2004లో వర్సిటీకి గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామన్నది సర్కారు లెక్క. కంపెనీకిచ్చిన కేటాయింపును 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి 2024లో భూమి తెలంగాణ ప్రభుత్వం చేతికొచ్చింది. ఐటీ పార్కులకు వేలం వేద్దామనుకుంది.

2025 మార్చి 30, ఉగాది. పంచాంగ శ్రవణం జరిగే వేళకు అక్కడ బుల్డోజర్ల శ్రవణం మొదలైంది. విద్యార్థులు అడ్డుపడ్డారు, పోలీసులు వాళ్లను ఎత్తుకెళ్లారు. రాత్రిపూట నెమళ్ల అరుపుల వీడియోలు ఫోన్లన్నీ తిరిగాయి. అది అటవీ భూమి కాదని సర్కారు రికార్డులు చూపించింది. రికార్డుల్లో అడవి లేదు కాబట్టి పడుతున్నవి చెట్లూ కావు, అరుస్తున్నవి నెమళ్లూ కావు. ఏఐతో చేసిన బొమ్మలు ప్రచారం చేస్తున్నారని కేసులు పెట్టారు. బుల్డోజర్ల ముందు జింక, నెమలి నిలబడినట్టున్న కార్టూన్ తరహా బొమ్మను షేర్ చేసినందుకు ఒక ఐఏఎస్ అధికారిణికి కూడా పోలీసులు నోటీసిచ్చారు. చెట్టు కొట్టడానికి ఎవరి అనుమతి తీసుకున్నారని సుప్రీంకోర్టు అడుగుతుంటే, చెట్టు బొమ్మకు అనుమతి ఉందా అని మన పోలీసులు అడిగారు.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కల్పించుకుని పనులాపింది. కేంద్ర సాధికార కమిటీని పంపింది. అప్పటికే వంద ఎకరాల మేర పచ్చదనం పోయింది. ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళికతో రండి, లేకపోతే అధికారులకు జైలే అన్నంత ఘాటుగా ధర్మాసనం మందలించింది.

ఇప్పుడు ఈ మొత్తం కథను గ్రీన్‌మెట్రిక్ ఫారంలో నింపి చూడండి. క్యాంపస్‌లో ఎంత శాతం అడవి తరహా పచ్చదనం ఉందో చెప్పాలన్న ప్రశ్న అందులో ఉంది. 400 ఎకరాలు క్యాంపస్‌లోవే అనుకుంటే మార్కు పెరగొచ్చు. అవి పోయాయనుకున్నా పెద్ద నష్టం లేదు, లవంతో పాటు హారం కూడా తగ్గుతుంది. కంచె అవతల పోయిన జింక ఏ వర్సిటీ లెక్కలోకీ రాదు. ఇక్కడ వర్సిటీ చేసిన పాపం కన్నా దానికి జరిగిన అన్యాయమే ఎక్కువ. ఆ రెంటినీ విడదీసి చూసే గడి ఏ ఫారంలోనూ లేదు.

అమరావతి వైపు వస్తే ఫారాలకు భూతకాలం కూడా తెలియదని అర్థమవుతుంది. ఐనవోలులో విట్, నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం 2017లో తరగతులు మొదలుపెట్టాయి. భూసమీకరణలో రైతులు వదులుకున్న పొలాల మీద లేచిన రాజధానిలో వాటికి భూములిచ్చారు. ఇప్పుడు ఎంత లాన్ ఉందో ఫారం అడుగుతుంది. లాన్‌కు ముందు ఆ చేలో ఏం పండేదో అడగదు.

నైతికత అన్నాక ఇంకొకటి చెప్పక తప్పదు. 2016 జనవరిలో అదే హెచ్‌సీయూలో హాస్టల్ నుంచి వెలి వేసిన ఐదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట టెంటు వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. వివక్షకు వ్యతిరేకంగా మీ సంస్థకు విధానం ఉందా, ఉంటే పత్రం జతచేయండి అని ఇప్పటి ర్యాంకు ఫారాలు అడుగుతాయి. పత్రం లేని వర్సిటీ లేదు.

బ్రిటన్‌లో 2007 నుంచి పీపుల్ అండ్ ప్లానెట్ అనే విద్యార్థి సంస్థ వర్సిటీలకు ఇట్లాంటి పట్టికే తయారుచేస్తోంది. తేడా ఏమిటంటే అక్కడ దిద్దేది పిల్లలు, రాసేది వర్సిటీలు. పరీక్షల్లో పిల్లలకిచ్చినట్టే ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, థర్డ్ క్లాస్, ఫెయిల్ అని వేస్తారు. వర్సిటీ తన డబ్బును చమురు కంపెనీల్లో పెట్టిందా, ఊడ్చేవాళ్లకు బతకడానికి సరిపడా కూలి ఇస్తోందా అన్నవి కూడా అందులో ప్రశ్నలే. వర్సిటీ పంపే ఫారాల కన్నా బహిరంగంగా పెట్టిన పత్రాలనే ఎక్కువగా చూస్తారు. ఆ పద్ధతి పల్నాడుకొస్తే ఊడ్చే ఆవిడను ఏజెన్సీ కింద ఎందుకు పెట్టారో, ఆమెకు పీఎఫ్ పడుతోందో లేదో ముందు తేలాలి. కాకపోతే ఇక్కడ దిద్దాల్సిన పిల్లల సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి.

పసుపు బస్సుల లెక్క కూడా ఉంది. శావల్యాపురం, కారుమంచి, మతుకుమల్లి రోడ్ల మీద తెల్లారకముందే కాలేజీ బస్సులు హారన్ కొడతాయి. నరసరావుపేట దాటి, కొన్ని గుంటూరు కూడా దాటి, డీజిల్ తాగుతూ వెళ్తాయి. పిల్లలు సగం నిద్ర బస్సులోనే పూర్తిచేస్తారు. వాహనాలకు ప్రవేశం లేని హరిత ప్రాంగణం కాబట్టి బస్సు గేటు దగ్గరే ఆగుతుంది. అక్కణ్నుంచి బ్లాకు దాకా ఉన్న రెండు వందల గజాలకు బ్యాటరీ బండి. రోజూ ఎక్కేది ఎక్కువగా డీన్లూ విజిటర్లే అయినా, ఫొటో తీసే రోజు మాత్రం నలుగురు పిల్లల్ని ఎక్కించి, నవ్వమని, జియోట్యాగ్ ఆన్ చేసి, ఏడో క్రైటీరియన్‌కు జతచేస్తారు. గేటు బయట ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ బస్సును ఎవరూ అడగలేదు కాబట్టి ఫ్రేములోంచి తప్పిస్తారు.