శుక్లం ఆపరేషన్‌కు ముందు వినకూడని సలహాలు

"కంట్లో పొర అన్నారా? ముందు ఒక పాలసీ తీసుకో, రెండు మూడు నెలలాగి ఆపరేషన్ చేయించుకో." ఈ మాట చెప్పేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. వియ్యంకుడు చెబుతాడు, పార్కులో రోజూ కలిసే పెద్దాయన చెబుతాడు, ఒక్కోసారి టార్గెట్ తొందరలో ఉన్న ఏజెంటూ చెబుతాడు. నమ్మి ప్రీమియం కట్టినవాళ్లు తీరా ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి, కూతురికి ఫోన్ చేసి డబ్బు పంపమని అడగాల్సి వస్తోంది. కంటి ఆపరేషన్‌కు బీమా డబ్బు వస్తుందా రాదా అన్నది చాలావరకు పాలసీ తీసుకున్న రోజునే తేలిపోతుంది. మన చెవిన పడే తప్పుడు సలహాలన్నీ ఆ సంగతినే దాటేస్తాయి.

శుక్లానికి చాలా పాలసీల్లో 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా ఆ ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వరు. అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలోనూ శుక్లం, వయసుతో వచ్చే కంటి జబ్బులు ఆ 24 నెలల జాబితాలోనే ఉన్నాయి. పాలసీ తీసుకోక ముందే డాక్టరు చీటీ మీద పొర ఉందని రాసి ఉంటే అది పాత జబ్బు కిందికి వస్తుంది. పాత జబ్బుకు 36 నెలల దాకా ఆపవచ్చు. రెండు గడువుల్లో ఏది ఎక్కువైతే అదే వర్తిస్తుంది. ప్రమాదంలో కంటికి దెబ్బ తగిలితే మాత్రం ఈ 24 నెలల అడ్డు లేదు. కోతల్లో వరి కంకి గుచ్చుకున్నా, దీపావళికి టపాకాయ తగిలినా, జరిగింది జరిగినట్టు కేసు షీటులో రాయించుకోండి.

"అయితే గడువు తీరేదాకా ఆగు" అనేది ఇంకా ప్రమాదకరమైన సలహా. బాగా ముదిరిన శుక్లం కంట్లో ఒత్తిడి పెంచవచ్చు. ఆ ఒత్తిడికి నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు. డబ్బు లేదని ఆగాల్సిన అవసరం మన దగ్గర లేదు. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. హైదరాబాదులో మెహిదీపట్నం దగ్గర ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కట్టలేనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తుంది. పాలసీ గడువు కోసం అమ్మను చీకట్లో కూర్చోబెట్టకండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే సలహా మరొకటి ఉంది. "ప్రపోజల్ ఫారంలో షుగరు సంగతి రాయకు, ప్రీమియం పెంచేస్తారు." షుగరుకూ కంటికీ ఉన్న సంబంధం తెలిసినవాళ్లు ఈ మాట అనలేరు. షుగరు ఉన్నవాళ్లకు శుక్లం ముందుగా రావచ్చు, రెటీనా దెబ్బతినవచ్చు. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తారు, షుగరు ఎన్నాళ్లుగా ఉందని అడుగుతారు. పెద్దాయన "పదేళ్లయిందండీ" అని నిజమే చెబుతాడు. ఆ మాట కేసు షీటుకు ఎక్కి కంపెనీకి చేరుతుంది. మూడేళ్ల కిందటి ఫారంలో చూస్తే "లేదు" అని టిక్కు ఉంటుంది. అప్పుడు పోయేది ఒక్క క్లెయిమే కాకపోవచ్చు, పాలసీయే రద్దు కావచ్చు. రేపు గుండెకో కిడ్నీకో అవసరం పడినప్పుడు ఆ వయసులో కొత్త పాలసీ దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి. 60 నెలలు విడవకుండా కట్టిన పాలసీ విషయంలో దాచారన్న సాకుతో క్లెయిము కాదనకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. అయితే మోసం రుజువైతే ఆ రక్షణ ఉండదు. కాబట్టి ఉన్నదంతా రాయండి. డాక్టరును బతిమాలి "ఆరు నెలల నుంచే" అని రాయించుకోవడమూ వద్దు. ఫారం ఏజెంటే నింపినా సంతకం మీది. పెట్టే ముందు పిల్లల చేత చదివించుకుని వినండి. పాలసీ చేతికొచ్చాక షరతులు నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

"ఐదు లక్షలకు తీసుకుంటే కంటికి ఎక్కువ వస్తుంది" అనే లెక్కా తప్పే. ఆరోగ్య సంజీవనిలో ఒక్కో కంటికి, ఒక పాలసీ ఏడాదిలో, బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది ఇస్తారు. లక్ష పాలసీకి కంటికి 25,000. రెండు లక్షలకు 40,000. ఐదు లక్షలైనా అదే 40,000. అందులోనూ 5 శాతం మన వాటా. పెద్ద మొత్తం వేరే జబ్బులకు అక్కరకొస్తుంది, తీసుకోండి. శుక్లం కోసమైతే మాత్రం చూడాల్సింది సబ్‌లిమిట్ అన్న గడి.

ఆ గడి చూడకుండానే "ఇన్సూరెన్స్ ఉందిగా, మల్టీఫోకల్ లెన్సు వేయించుకో" అంటారు. చాలా కంపెనీలు మామూలు మోనోఫోకల్ లెన్సు ధర వరకే ఇస్తాయి, మిగతాది మీ జేబులోంచే. మోనోఫోకల్ వేసుకుని, చదువుకోవడానికి కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు, హాయిగానే చూస్తున్నారు. ఏ లెన్సుకు ఎంత ఇస్తారో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోక ముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో ఉండాలన్న భయం వద్దు, శుక్లం డేకేర్ కిందే చెల్లుతుంది.

కళ్లద్దాలకు మామూలు పాలసీ పైసా ఇవ్వదు. లేసిక్‌కు కూడా పవర్ 7.5 డయాప్టర్లకు తక్కువైతే రాదు.

"కంట్లో వేసే ఇంజెక్షన్లకు బీమా ఉండదు" అన్న మాట నమ్మి, రెటీనా దెబ్బతిన్న షుగరు రోగులు చికిత్స మధ్యలో మానేస్తే నష్టం తీర్చలేనిది. కంపెనీలు పూర్తిగా మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో ఐఆర్‌డీఏఐ ఈ ఇంజెక్షన్లను 2019లోనే చేర్చింది. పరిమితి పెట్టవచ్చు; ఆరోగ్య సంజీవనిలో అది బీమా మొత్తంలో సగం దాకా ఉంది. వెయిటింగ్ గడువు తీరిందో లేదో చూసుకుని, ముందుగా అడిగి, చికిత్స కొనసాగించండి.

ఇంత చేశాక కూడా క్లెయిము కాదంటే, "పెద్ద కంపెనీతో మనకెందుకు, వదిలేయ్" అనేవాళ్ల మాట వినకండి. ఏ క్లాజు కింద కాదన్నారో రాతలో అడగండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆ కార్యాలయం హైదరాబాదు లక్డీకాపూల్‌లో ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాలసీ, కేసు షీటు, బిల్లులు, కాదన్న ఉత్తరం, వీటి నకళ్లు దగ్గర పెట్టుకోండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఐఆర్‌డీఏఐ ఉచిత నంబరు 155255కి ఫోన్ చేయండి.