హెచ్చరిక ఎగిరేది నా మీదే

‘రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు’ అని పేపర్లో చదువుతుంటారు కదా, అది ఎగిరేది నా మీద. బందరు రేవులో బోట్లు వచ్చిపోయే దారి పక్కన నిలబడ్డ ఇనప స్తంభాన్ని నేను. పైన అడ్డకమ్మీ, దానికి కప్పీలు, కిందిదాకా తాళ్లు. వాతావరణ కేంద్రం నుంచి కబురు రాగానే రేవు మనిషి పరుగున వచ్చి, శంకువులూ పీపాలూ తాడుకు కట్టి పైకి లాగుతాడు. చీకటి పడితే వాటి బదులు ఎర్రవీ తెల్లవీ దీపాలు. ముసురుకు నానిన తాడు కప్పీలో బిగుసుకుపోతుంది. నా మొదట్లో ఒక కాలు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతాడు పాపం.

నన్ను నిలబెట్టింది ఓడల కోసం. ఒకటి, రెండు అంటే దూరాన సముద్రంలో ఏదో తయారవుతోందని. మూడు, నాలుగు అంటే రేవుకే గాలి ముప్పు రావచ్చని. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

ఓడ నడిపేవాడికి ఇదంతా కంఠతా వచ్చు. ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం నా అంకెల్ని పరీక్ష మార్కుల్లా చూస్తారు.

“ఎన్నోది ఎగరేశార్రా?”

“ఎనిమిది, బాబాయ్.”

“పది కాదుగా. చూద్దాంలే.”

ఆ మాట విన్నప్పుడల్లా నోరు లేనందుకు కుమిలిపోతాను. ఎనిమిదికీ పదికీ బలంలో తేడా లేదు. తుఫాను రేవును తన ఎడమచేతి వైపు ఉంచి తీరం దాటేటట్టుంటే ఎనిమిది, కుడిచేతి వైపు ఉంచి దాటేటట్టుంటే తొమ్మిది, రేవు మీదుగానో బాగా దగ్గర్నుంచో దాటేటట్టుంటే పది. మన తీరంలో ఆ కుడిచేతి వైపే భయపడాలి. గాలి ఎడమకు తిరుగుతూ అక్కడ సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఉప్పెన వచ్చేది అటే.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల వైపు తీరం దాటింది. నీళ్లు మాత్రం దివిసీమను ముంచాయి, దాదాపు ఐదు మీటర్ల ఎత్తున. దివిసీమ కుడిచేతి వైపుంది మరి. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి. పదివేల మందికి పైగా పోయారు. గాలివాన అంటే దివి రైతుకు కొత్త కాదు. గొడ్లను కట్టేసుకుని, తలుపులు బిగించుకుని, పూరికప్పు ఎగిరిపోకుండా మోకులు వేసుకుని ఇంట్లో కూర్చుంటాడు. గాలికైతే ఆ జాగ్రత్త చాలు. ఇంటిని మించి లేచే నీళ్లకు చాలదు. తాటిచెట్లను కరుచుకుని బతికినవాళ్ల మాటలు ఆ తర్వాత ఏళ్ల తరబడి రేవులో వింటూనే ఉన్నాను.

హెచ్చరిక ఎంత గట్టిగా ఉండాలనే వాదన ఎప్పుడు వచ్చినా నాకు దివిసీమే గుర్తొస్తుంది. బులెటిన్లో తీవ్ర తుఫాను అంటే గాలి గంటకు 89 నుంచి 117 కిలోమీటర్లు. 118 తాకితే అతి తీవ్రం. ఆ మెట్లన్నీ గాలివే. మనుషుల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునే నీళ్లకు ఆ పేర్లలో చోటు లేదు. ఉప్పెన ఎన్ని మీటర్లు రావచ్చో ఇప్పుడు బులెటిన్లో వేరే రాస్తున్నారు, మంచిదే. కానీ జనం నోళ్లలో పడేది తుఫాను పేరూ, నా మీది అంకే. ‘అతి’ పక్కన ఇంకో ‘అతి’ చేర్చినంత మాత్రాన ఎవరూ ఇల్లు కదలరు. ‘ఈ రాత్రి రెండింటికి మీ రామాలయం అరుగు మునుగుతుంది, చీకటి పడేలోగా షెల్టరుకు రండి’ అంటే కదులుతారు. అక్కడ మెత్తదనం అసలు పనికిరాదు. ‘అవకాశం ఉంది’, ‘అప్రమత్తంగా ఉండాలి’ లాంటి మాటలు ఆఫీసు ఫైలుకు క్షేమం, సముద్రపు గట్టు మీద గుడిసెకు కాదు.

1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర మళ్లీ అంతటి తుఫాను తీరం దాటింది. పోయినవాళ్లు వెయ్యి లోపే. అదీ చిన్న సంఖ్య కాదు, కానీ 1977తో పోల్చి చూడండి. ఉపగ్రహం కనిపెట్టింది, కబురు తీరం వెంట ముందుగానే చేరింది, ఎక్కడానికి తుఫాను షెల్టర్లు లేచి ఉన్నాయి, లక్షల మందిని కదిలించారు. నీళ్లు ఏం చేస్తాయో అప్పటికి దివిసీమలో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

గట్టి మాటకు ఖర్చుందని నాకూ తెలుసు. నా మీద దీపం వెలిగిన పూట బోటు కదలదు. కొన్న ఐసు పెట్టెలోనే కరిగిపోతుంది, డీజిలుకు తెచ్చిన అప్పు అలాగే ఉంటుంది. తీరా తుఫాను ఒడిశా వైపు మళ్లిపోతే, ‘పోయినసారీ ఇంతే, చినుకు కూడా పడలేదు’ అంటాడు సరంగు. అతని మీద కోపం తెచ్చుకోను, అతని బాధ నిజం. అందుకే పెద్ద మాటలు పెద్ద వేళకే వాడాలంటాను. ఒక మోస్తరు వానకు జిల్లా జిల్లాకంతా ఫోన్లు గగ్గోలు పెడితే, అసలు రాత్రి ఆ మోత ఎవరికీ వినపడదు.

ఇంకో పని ఉంది, అది దాదాపు ఎవరూ చేయరు. పదో నంబరు ఎగరేసిన రోజు మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగిన మనిషే, గాలి దారి మళ్లిన మర్నాడు కూడా అదే మైకుతో రావాలి. ‘తుఫాను ఫలానా చోట దాటింది, మనకు ఇంత దూరంలో తప్పింది, అక్కడ నీళ్లు ఇంత ఎత్తు లేచాయి’ అని అంతే గట్టిగా చెప్పాలి. అలా చెప్పించుకున్న సరంగు, వచ్చేసారి నా మీద ఎనిమిది చూసినా తొమ్మిది చూసినా, ఇంకెవర్నీ అడక్కుండా బోట్లోంచి ఐసు పెట్టెలు దించేస్తాడు.