గ్రామసభకు రావద్దని మనవి

మహారాజశ్రీ ఓటరు మహాశయులకు, మీ సర్పంచ్ గారి భర్త చేతులు జోడించి చేసుకునే మనవి.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మన తెలంగాణ పల్లెల్లో నూటికి ఎనభై మందికి పైగానే ఓటేశారు. భివండి నుంచి, సూరత్ నుంచి కూడా మనవాళ్లు బస్సెక్కి వచ్చారు. టికెట్టు ఎవరు పెట్టుకున్నారన్న చర్చ ఇప్పుడెందుకు? సీటు మహిళకు రిజర్వైందని మా ఇంటామెను నిలబెట్టాను. గెలిచింది ఆమె, శాలువాలు కప్పించుకున్నది నేను. మీ వేలికి సిరా అంటింది, బాధ్యత తీరింది. ఇక 2030 దాకా మీకు సెలవు.

కిట్టనివాళ్లు కొందరు మీ సెలవు చెడగొట్టాలని చూస్తున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని చెవిలో ఊదుతున్నారు. జరపకుండా ఉంటామా? నాట్లు జోరుగా పడే రోజు చూసి, మిట్టమధ్యాహ్నం పెడుతున్నాం. రాలేకపోయిన వారి సంతకం కోసం కారోబారు రిజిస్టరు పట్టుకొని గడపగడపకూ వస్తున్నాడు. ప్రజల వద్దకు పాలన అంటే ఇంకేమిటి?

మీరు సభకే రారని నేననను. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డుల జాబితా, ఇందిరమ్మ ఇళ్ల జాబితా చదివినప్పుడు కుర్చీలు చాలలేదు. నా పేరేదని చాలా ఊళ్లలో సభలు దద్దరిల్లాయి. అప్పుడు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి కాబట్టి తిట్లు వాళ్లు తిన్నారు. అలాంటి సభలకు తప్పక రండి. జాబితాలో పేరు అడగండి, పద్దులో లెక్క అడక్కండి. మొదటిది మీ హక్కు, రెండోది మా మీద కక్ష.

చట్టంలో స్టాండింగ్ కమిటీలని ఉన్నాయి. పారిశుధ్యానికొకటి, వీధి దీపాలకొకటి, మొక్కలకొకటి, పనులూ సంతలకొకటి. వాటిలోకి మిమ్మల్ని లాగి ఇబ్బంది పెట్టడం ఎందుకని నాలుగూ మా చుట్టాలతోనే నింపాం. దీపాల కమిటీ మా బావమరిది చూసుకుంటున్నాడు. ఆయన వాకిట్లో దీపం పగలు కూడా వెలుగుతోంది.

ఇంత సాఫీగా సాగుతుంటే ఓ రిటైర్డు మాస్టారు తయారయ్యారు. సీసీ రోడ్డు ఎస్టిమేటెంత, మందమెంత, కొలతలు రాసే ఎం-బుక్ ఏదీ అని సభలో లేచారు. కూర్చోబెట్టి టీ ఇప్పించాం. టీ తాగి, సమాచార హక్కు దరఖాస్తు చేతిలో పెట్టారు. గ్రామస్థాయిలో దానికి ఫీజు కూడా లేదట! మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. కనీసం ఖర్చుకైనా భయపడే వీలు లేకుండా చేశారు పెద్దలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

కాగితాలడిగితే ఏవో కొన్ని ఇచ్చి పంపేవాళ్లం. కానీ 2005 నాటి ఆ సమాచార హక్కు చట్టంలో, జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చనీ, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మనవచ్చనీ ఉంది. మాస్టారు రోడ్డు ముక్క అడుగుతున్నారు. ఆ ముక్క కాస్తా ఇచ్చేస్తే ఇక రోడ్డెక్కడిది?

అయినా మాస్టారు ఒక్కరే. సోమవారం ప్రజావాణికి వెళ్లి కలెక్టరు గారికి అర్జీ పెట్టుకున్నా, ఒంటరి అర్జీకి ఎలా సమాధానం రాయాలో మాకు తెలుసు. నా బెంగంతా వేరు. ఆ దరఖాస్తు ఇంటికొస్తే మా ఇంటామె చదివింది. చదివి, "చెక్కు మీద సంతకం ఎవరిది?" అంది. "నీదీ, ఉపసర్పంచ్‌దీ" అన్నాను. "మరి రేపు అడిగితే ఎవరినడుగుతారు?" అంది. నాకు నోట మాట రాలేదు.

వచ్చే గ్రామసభకు తానే వెళ్లి కుర్చీలో కూర్చుంటుందట. మహిళా సంఘాలన్నిటికీ కబురు పెట్టింది. సభ పొద్దుగూకిన తర్వాత, పనుల నుంచి అందరూ ఇళ్లకు చేరాక పెడుతుందట. జమాఖర్చులు మైకులో చదివిస్తుందట.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మన పాత స్నేహం గుర్తుంచుకుని ఆ సాయంత్రం దయచేసి టీవీలు వదిలి కదలకండి.

ఇట్లు,
సర్పంచ్ తరఫున, సర్పంచ్ గారి భర్త.

(ఈ మనవి మీద సర్పంచ్ సంతకం లేదు. పెట్టమంటే, ముందు చదవనివ్వమంది.)