గ్రూపులో లేనిది నదొక్కటే

హోలీ సెలవులకి మా మనవడూ, వాడి కాలేజీ స్నేహితులూ కాంగేర్ నది మీద కయాకింగ్‌కి వెళ్తారట. ఆ రాత్రి అడవిలో టెంటు. నెల రోజులుగా జగదల్‌పుర్‌లోని మా ఇంట్లో ఇదే భాగోతం. ఫోన్‌లో ఒక గ్రూపు, ఎవరేం తేవాలో ఒక పట్టిక, అందులో నూడుల్స్ ప్యాకెట్ల మీద మూడు రోజుల రాద్ధాంతం. ఆ గ్రూపులో లేనిది నదొక్కటే.

మా రోజుల్లో ఏర్పాట్లంటే ఇంట్లో ఏం అబద్ధం చెప్పాలా అన్నదే. నాన్న కొత్తవలస–కిరందుల్ రైల్వే లైన్లో ఉద్యోగం మీద ఇక్కడికొచ్చారు. ఆదివారం లెక్కల ట్యూషన్ ఉందని చెప్పి ఇంద్రావతి ఒడ్డుకి పోయేవాళ్లం. అక్కడ ఒకే మాను తొలిచి చేసిన దోనె ఉండేది. ఇక్కడి మాటలో డోంగా. "డోంగా ఎక్కాం" అని తమ్ముడోసారి నోరు జారాడు. అమ్మకది దొంగ అని వినపడింది. ఎవరింట్లో దూరార్రా అని ఇద్దరికీ వీపు విమానం మోత మోగించింది.

డోంగా నడిపే ముసలాయన్ని కాకా అనేవాళ్లం. డబ్బు గురించి ఎప్పుడూ అడగలేదు. గడ ముంచి చూసి, ఆకాశం కేసి చూసి, ఎక్కమంటే ఎక్కడం, పొమ్మంటే పోవడం. బస్తర్ దసరా 75 రోజులు కదా, అబద్ధాలకి కొదవేముంది? ఊరంతా రథం చూస్తుంటే మేం ఒక రాత్రి ఏటి ఒడ్డునే పడుకున్నాం. ఆయన సొరబుర్రలోంచి వంచిన అంబలి, దానిలోకి ఎర్రచీమల చట్నీ. టెంటూ లేదు, దుప్పటీ లేదు. పది రోజులకి మలేరియా. (వీళ్ల పట్టికలో దోమతెర ఉంది. దాన్ని మాత్రం నేనేమీ అనలేదు.)

"ఇంద్రావతికే పోవచ్చు కదరా" అంటే, "నీళ్లెక్కడివి తాతా" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఒడిశా సరిహద్దులో జోరా నాలా దగ్గర నది చీలి, నీళ్లు శబరి వైపు మళ్లిపోతున్నాయి. వానాకాలంలో 300 మీటర్ల వెడల్పున దూకే చిత్రకోట్ జలపాతం ఎండల్లో ఏ మూలో నాలుగు పాయలై కారుతుంది. దానికి పిల్లల్ని తిట్టి లాభం లేదు.

సరే, వీళ్లు వెళ్లేది ధుడ్‌మారాస్. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎంచుకున్న 20 పల్లెల్లో అదొకటి. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఉంది. అక్కడి ధురువా కుర్రాళ్లే కయాక్‌లూ, వెదురు తెప్పలూ నడుపుతారు. ప్లాస్టిక్ పడవ, దానికి తోడు లైఫ్ జాకెట్. మావాడు తొడుక్కుని చూపించాడు, పనసకాయలా ఉన్నాడు.

టెంటు ఎక్కడ్రా అంటే మ్యాప్‌లో వేలు పెట్టాడు. భైంసాదర్హా! కాంగేర్ నెమ్మదించే ఆ మడుగు మొసళ్ల నివాసం. ఫోటోలో నీళ్లు నిలకడగా, అందంగా ఉన్నాయట. ఉండవూ మరి!

ఆ ఊరి కుర్రాడికి ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టారు. మడుగు దగ్గర కుదరదు, మా పెరట్లో వేసుకోండన్నాడు. నది మీదికి ఎన్నింటికి దిగాలి, ఎంతసేపు, ఎక్కడ తేలాలి అని మావాడు గుక్క తిప్పుకోకుండా అడిగాడు.

"రండి. నీళ్లు చూసి చెప్తా" అన్నాడతను, అచ్చం కాకాలా.

ఆ మాటని పట్టికలో ఏ గడిలో రాయాలో తేలక వీళ్లింకా కొట్టుకుంటున్నారు.