సింహాల దగ్గు

హైదరాబాద్ పాతబస్తీ పిల్లలకు బహదూర్‌పురా జూ అంటే సఫారీ బస్సే. కిటికీలకు ఇనుప జాలీ ఉంటుంది. సింహం కనబడగానే పిల్లలు జాలీకి ముక్కు ఆనిస్తారు, తల్లులు భయంతో వెనక్కి లాగుతారు.

2021 ఏప్రిల్‌లో అక్కడి ఎనిమిది సింహాలు దగ్గడం మొదలుపెట్టాయి. ముక్కులు కారాయి. తిండి తగ్గింది.

ఊళ్లో కరోనా రెండో వేవ్. ఆసుపత్రుల్లో మంచం దొరకడమే గగనం. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రోడ్లమీద పరుగులు పెడుతున్నారు. అలాంటప్పుడు సింహం దగ్గు ఎవరికి పడుతుంది? జూ డాక్టర్లకు పట్టింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఒక పులికి కరోనా సోకి అప్పటికి ఏడాది.

కరోనా పరీక్షకు మనిషైతే నోరు తెరవమనగానే తెరుస్తాడు. సింహానికి ముందు మత్తు ఇవ్వాలి. కాళ్లు సడలి తల వాలాక దవడలు విప్పాలి. వేలెడంత కోరల మధ్య నుంచి శాంపిల్ తీసే పుల్ల గొంతులోకి పోవాలి. మత్తు దిగేలోపు చెయ్యి బయటికి రావాలి. ఎనిమిదింటికీ అలాగే శాంపిళ్లు తీశారు. ఒక మనిషికి ఎంత ధైర్యం ఉండగలదో అంతా ఆ పుల్ల పట్టిన చేతిలో ఉండాలి.

ఏప్రిల్ 24న ఆ శాంపిళ్లు అత్తాపూర్‌లోని సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాలకు చేరాయి. మే 2న జూకి తాళం వేశారు. మే 4న రిపోర్టు వచ్చింది. ఎనిమిదికి ఎనిమిదీ పాజిటివ్. మన దేశంలో జంతువుకు కరోనా సోకినట్టు తేలడం అదే మొదటిసారి.

వాటిని విడిగా ఉంచి మందులిచ్చారు. అన్నీ తేరుకున్నాయి, మళ్లీ కడుపునిండా తిన్నాయి. అది చిన్న సంగతి కాదు, అవి ఆసియా సింహాలు. ఆసియా సింహం అడవిలో బతుకుతున్నది ప్రపంచం మొత్తమ్మీద గుజరాత్‌లోనే. 2020 లెక్క ప్రకారం అక్కడున్నవి 674.

రిపోర్టు బయటపడగానే అందరి నోటా ఒకటే మాట: వాటి నుంచి మనకు అంటుకుంటుందా? జంతువుల నుంచి మనుషులకు అంటుకుంటుందనడానికి ఆధారాల్లేవని కేంద్ర పర్యావరణ శాఖ చెప్పింది. ఊరు ఊపిరి పీల్చుకుంది.

జబ్బు పడకముందు ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ గేటు దాటి ఊళ్లోకి రాలేదు.