ఇత్తడి బిళ్ళల రాజ్యం

వస్తువులు పోగొట్టుకునే హక్కు రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన రోజొకటి వస్తుందని దాన్ని రాసిన పెద్దలు కలలో కూడా అనుకుని ఉండరు. కటింగ్ ప్లేయరు కనిపించకపోవడం, దానికోసం ఇంటిపెద్ద ఇల్లు ఎగిరిపోయేలా అరవడం, పిల్లలు తలో మూలకీ సర్దుకోవడం, చివరికది గోధుమపిండి డబ్బా వెనక దొరకడం, "అక్కడ నేను పెట్టలేదు" అని అందరూ ముక్తకంఠంతో చెప్పడం... ఇదంతా తాతముత్తాతల నాటి నుంచి వస్తున్న ఆచారం. ఆ ఆచారానికి మా ఇంట్లో తద్దినం పెట్టేశారు. పెట్టినవాడు నా కన్నకొడుకు.

మావాడు శంషాబాద్ వైపు విమానాలు బాగుచేసే ఒక హ్యాంగర్లో ఉద్యోగి. పనిముట్ల స్టోరు చూస్తాడు. ఉద్యోగం వచ్చినప్పుడు వీధి వీధంతా లడ్డూలు పంచినవాణ్ని నేను. ఇంటిని కూడా హ్యాంగరు కింద జమకడతాడని అప్పుడొక్కడైనా చెవిలో వేసి ఉంటే ఆ లడ్డూలు నేనే తినేసి ఊరుకునేవాణ్ని.

ముందు మెట్ల కింద గోడకి ఒక పలక వెలిసింది. దానిమీద నల్లటి ఫోమ్. ఫోమ్‌లో సుత్తికి సుత్తి ఆకారంలో, పానాకి పానా ఆకారంలో గుంటలు కోశాడు. గుంట అడుగున పసుపు రంగు. పానా తీస్తే చాలు, అక్కడ పసుపు రంగు పానా ఒకటి పళ్ళికిలిస్తుంది. పది అడుగుల దూరం నుంచి, కళ్ళజోడు లేకుండా చూసినా ఏది లేదో తెలిసిపోతుంది. తెలియకుండా పోవడానికి ఆస్కారమే లేదంటే ఇక సంసారంలో సరసమేముంది?

ఆ తర్వాత బిళ్ళలు. ఇంట్లో ఒక్కొక్కరి పేరునా కొన్ని ఇత్తడి బిళ్ళలు. పనిముట్టు తీసినవాళ్ళు దాని చోట తమ బిళ్ళ తగిలించాలి, తిరిగి పెట్టినప్పుడు బిళ్ళ తీసుకోవాలి. నా ఇంట్లో, నా పెన్షన్ డబ్బుతో కొన్న సుత్తి నేను ముట్టుకోవాలంటే నా పేరు తాకట్టు పెట్టాలన్నమాట. "మీ దగ్గర అంతమంది దొంగలున్నారట్రా?" అని అడిగాను. "దొంగల కోసం కాదు నాన్నా, మంచివాళ్ళ కోసమే" అన్నాడు. వాడి దగ్గర ఇలాంటి జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

జవాబు వెంటే ఒక కథ కూడా ఉంటుంది. 2023 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో క్వాంటాస్ వారి ఎయిర్‌బస్ ఎ380 ఇంజిన్ని లోపల కెమెరా పెట్టి పరీక్షించారట. ఆ పరీక్షలో ఇంజిన్ని చేత్తో తిప్పడానికి నైలాన్ పరికరం ఒకటి వాడతారు. పొడవు మీటరుంపావు. అది లోపలే ఉండిపోయింది. దాంతోనే విమానం 34 సార్లు ఎగిరింది, గాలిలో దాదాపు 294 గంటలు గడిపింది. 2024 జనవరి 1న ఇంకో తనిఖీలో బయటపడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. విచిత్రమేమిటంటే పరికరం లెక్కకి రాలేదని వాళ్ళకి ముందే తెలుసు. వస్తువు పోతే ఏంచెయ్యాలో పద్ధతి రాసిపెట్టే ఉంది. ఆ పద్ధతి మొదలుపెట్టకుండానే విమానాన్ని వదిలేశారు.

కథ బాగుంది, కాదనను. కానీ మా ఇంట్లో మీటరుంపావు వస్తువు పట్టేంత ఇంజిన్ లేదు, ఉన్నదల్లా సీలింగ్ ఫ్యానే. ఆ ఫ్యానుతోనే నా పతనం పూర్తయింది.

నడి మే నెల. ఫ్యాన్ తిరగడం మానేస్తే ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి కండెన్సర్ మార్చాడు. స్విచ్ వెయ్యబోతే మావాడు చెయ్యి అడ్డంపెట్టాడు. "టెస్టరేది?" అన్నాడు. కుర్రాడు జేబులు తడుముకుని, "పోతే పోయింది సార్, ముప్ఫై రూపాయల టెస్టరు" అన్నాడు. "రేటెంతని అడగట్లేదు బాబూ, ఎక్కడుందని అడుగుతున్నా. అది దొరికేదాకా ఫ్యాన్ రిలీజ్ చెయ్యను." రిలీజ్ చెయ్యడట! పెళ్ళిలో మా మామగారు పెట్టిన ఫ్యాను అది. చెమటలు కక్కుతూ అందరం వెతికాం. బీరువా మీద, స్టూలు కింద, నేను పడుకున్న మంచం దుప్పట్లో కూడా. చివరికి కుర్రాడే నాలిక కరుచుకున్నాడు: "సార్, పైన కప్పులో పెట్టానేమో." ఎక్కి చూస్తే నిజమే. కొక్కెం దగ్గరుండే ప్లాస్టిక్ కప్పులో, వైర్ల పక్కన హాయిగా పడుకుని ఉంది.

ఇక నా వంతు వచ్చిందనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. ఇలాంటి సందర్భం ఇంటిపెద్దకి ఏడాదికోసారి వస్తే గొప్ప. ఈలోగా మావాడు కుర్రాడి భుజం తట్టి, "గుర్తుచేసుకుని చెప్పావు, థాంక్స్" అన్నాడు. పైగా లోపలికి కేకేసి, "అమ్మా, ఈయనకి కాఫీ" అన్నాడు. గొంతులోకొచ్చిన మాట గొంతులోనే ఆరిపోయింది.

తర్వాత నిలదీశాను. "తిడితే రేపు చెప్పడు నాన్నా. అర్ధరాత్రి డ్యూటీ దిగేముందు బాక్సులో ఒక సాకెట్ తక్కువైందని తెలిసినవాడు నోరు విప్పాలా వద్దా? విప్పితే విమానం ఆగుతుంది. ఆపినవాణ్ని తిడితే ఆ తర్వాత ఇంకెవడూ ఆపడు" అన్నాడు. అంటే అరుపే అసలు ప్రమాదమని తేల్చాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవంతో నేను సాధించుకున్న ఒకే ఒక్క నైపుణ్యం అది.

అంతటితో ఆగాడా, కొలతల మీద పడ్డాడు. ఇంట్లో కొలిచే ప్రతిదానికీ ఒక చీటీ అంటించాడు. ఎప్పుడు సరిచూశారు, మళ్ళీ ఎప్పుడు సరిచూడాలి. బరువు చూసుకునే మిషనుకీ, థర్మామీటరుకీ, చివరికి గోడగడియారానికీ. గడువు దాటితే వాడకూడదు. నా పాత టేపుకి ఎర్రచీటీ పడింది, "వాడరాదు" అని. దాని కొసనుండే కొక్కెం కాస్త కదులుతుంటే మా వడ్రంగి సుత్తితో కొట్టి బిగించాడు. అది కదలడానికే పెట్టారట. కొక్కేనికి ఎంత మందం ఉంటుందో అంతే కదులుతుంది. లోపలి నుంచి ఆనించి కొలిచినా, బయటి నుంచి తగిలించి లాగినా లెక్క సమానంగా రావడానికట. చెప్పొద్దూ, ఆ సంగతి నాకు నచ్చింది. నచ్చిందని వాడికి చెప్పలేదు.

"ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే కొంపలేం మునుగుతాయిరా?" అన్నానో లేదో, ఇంకో కథ. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగాకి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా పైలట్ ముందరి అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్ళిపోతే సిబ్బంది వదలకుండా కాళ్ళు పట్టుకున్నారు. కో-పైలట్ సౌథాంప్టన్‌లో దింపాడు. కెప్టెన్ బతికాడు, మళ్ళీ విమానం నడిపాడు కూడా. ఆ అద్దం కిందటి రోజే మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 లావు తక్కువవి. ఎంత తక్కువ? అంగుళంలో వెయ్యికి 26 వంతులు, అంటే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మార్చినాయన పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితో పోల్చి చూశాడు. స్టోరు మనిషి సరైన నంబరు చెప్పినా వినలేదు. ఆయన గురించి విన్నప్పటి నుంచి నాకు ఆయన మీద అకారణమైన బంధుత్వ భావం కలుగుతోంది. కంటి కొలతని నమ్మిన ఆఖరి మగవాడు.

బిగించడంలోనూ నా చెయ్యి పనికిరాదట. మాకు తెలిసిన పద్ధతి ఒకటే: ఇక తిరగనంతవరకు బిగించు, ఆపైన ఇంకొక్కసారి. హ్యాంగర్లో టార్క్ రెంచి ఉంటుంది, చెప్పిన లెక్కకి రాగానే టక్కుమంటుంది, అక్కడితో ఆగాలి. బోల్టు బిగిస్తే స్ప్రింగులా కాస్త సాగుతుందట, ఆ సాగుడే పట్టు. ఎక్కువ బిగిస్తే సాగి సాగి ఊరుకుంటుంది, లేదా తెగుతుంది. మరకి నూనె రాస్తే అదే బిగింపుకి ఇంకా ఎక్కువ సాగుతుంది. పనయ్యాక రెంచిని అతి తక్కువ అంకెకి తిప్పి మరీ పెట్టెలో పెట్టాలి. రెంచికి కూడా విశ్రాంతి ఉందన్నమాట, ఇంటిపెద్దకే లేదు.

వీళ్ళ కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. మన మే నెల 42 డిగ్రీల్లో మీటరు ఉక్కు కడ్డీ పావు మిల్లీమీటరు సాగుతుంది. కిటికీ కర్టెన్ల కోసం దర్జీ కొలతలు తీసుకుంటుంటే మావాడు ఈ మాట చెప్పాడు. దర్జీ మళ్ళీ రాలేదు.

కొలమానాల సంగతి మాత్రం వాడు నాకు నేర్పక్కర్లేదు. 1983లో ఎయిర్ కెనడా బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాల్సి ఉంటే 22,300 పౌండ్లతో బయల్దేరి, 41,000 అడుగుల మీద ట్యాంకు ఖాళీ అయి, గిమ్లీలో మూతపడ్డ వైమానిక స్థావరం మీద దిగిందని చెబుతాడు. మా మేనకోడలి పెళ్ళి మాటల్లో హైదరాబాదు వాళ్ళు "పదిహేను" అంటే తులాలు, గుంటూరు వాళ్ళకది కాసులు. తులానికి పది గ్రాములు, కాసుకి ఎనిమిది. ముప్ఫై గ్రాముల తేడాతో ఆ సంబంధం ఎక్కడ దిగిందో చెప్పను.

ఇక అసలు అన్యాయం. మా ఆవిడ బియ్యం కొలిచే సోల మావాడి కంటపడింది. ఆశగా చూస్తున్నాను, ఎర్రచీటీ పడుతుందని. "అమ్మా, ఇదెక్కడిది?" "మా అమ్మది." "ఆవిడకి?" "వాళ్ళ అత్తగారిది." వాడి మొహం వెలిగిపోయింది. హ్యాంగరు రెంచిని సరిచూసిన పరికరాన్ని ఇంకో పరికరంతో సరిచూస్తారట, దాన్ని ఇంకా పైదానితో, అలా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దాకా గొలుసు తెగకూడదట. "గొలుసు ఉంది నాన్నా" అని సోలకి పచ్చచీటీ అంటించాడు. మా మామగారి అమ్మ మీద అంత నమ్మకం వాడికెక్కడిదో!

ఆ రాత్రే అన్నం చిమిడి ముద్దయింది. నేను వదులుతానా? కంచం ముందు కూచుని, ఇంటిల్లిపాదీ వినేలా, అన్నం చిమిడిందని ప్రకటించాను. మా ఆవిడ నోరు తెరిచేలోపే మావాడు పుస్తకం తీసి తేదీ వేసి రాసుకున్నాడు. "రిపోర్ట్ చేసినందుకు థాంక్స్ నాన్నా" అన్నాడు.