అన్నీ చదివేవాళ్ళం, అన్నిటితో పోట్లాడేవాళ్ళం

"మా జానర్ వేరండీ" అంటున్నారు ఇప్పటి పిల్లలు. ఒకడు థ్రిల్లర్లు తప్ప ముట్టడు. ఇంకొకమ్మాయి వ్యక్తిత్వ వికాసం దాటి రాదు. కవిత్వమంటే ఇద్దరూ ఆమడ దూరం. మీసాలు రాకముందే నాకేది నచ్చుతుందో నాకు తెలుసని గిరి గీసుకుని కూర్చుంటే, ఇక చదివి తెలుసుకునేది ఏముంటుంది?

మా రోజుల్లో ఈ గిరులు లేవు. వీధి చివర అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల, యద్దనపూడి 'సెక్రటరీ', శరత్ అనువాదం, శ్రీశ్రీ 'మహాప్రస్థానం' ఒకే బల్ల మీద ఒరుసుకుంటూ ఉండేవి. అట్టలు ఊడిపోయి, మొదటి పేజీలు లేక, మార్జిన్లో ఎవడో పెన్సిలుతో హంతకుడి పేరు రాసి పెట్టిన పుస్తకాలు. రోజు దాటితే అద్దె పెరుగుతుంది కనక ఇంటికి తెచ్చినది అందరూ వంతులేసుకుని చదివేవారు. మా బాబాయి యద్దనపూడిని చదివాడు, మా అక్క కొమ్మూరి డిటెక్టివ్ యుగంధర్‌ని చదివింది. అది నీ కోసం, ఇది నా కోసం అన్న మాటే పుట్టలేదు.

చదివాక ఊరుకునేవాళ్ళమా? భోజనాల దగ్గర యుద్ధాలు. కొమ్మూరిని పాఠ్యపుస్తకంగా పెట్టాలని నేనంటాను, ఇప్పటికీ అంటాను. చిన్న చిన్న వాక్యాలు, చకచకా సంభాషణ. యుగంధర్, అసిస్టెంట్ రాజు కారెక్కారంటే మనమూ వెనక సీట్లో ఉన్నట్టే. ఇప్పటి థ్రిల్లర్లలో ప్రతి అధ్యాయం చివరా ఒక మెలిక ఉంటుంది గానీ, పుస్తకం మూశాక ఒక్క మనిషి పేరు గుర్తుండదు.

'సెక్రటరీ'ని పెద్దవాళ్ళు చాలామంది చులకన చేశారు. అందులో హీరో రాజశేఖరం కారూ ఠీవీ చూసి నవ్వారే గానీ, జయంతి ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఆత్మాభిమానం వదులుకోని పిల్ల అన్న సంగతి చూడలేదు. 1960లలో తెలుగిళ్ళలో ఆడపిల్లలు ఆ నవల కోసం ఎందుకు కొట్టుకున్నారో అక్కడుంది జవాబు. యద్దనపూడి వాక్యంలో నాకు నచ్చనివి బోలెడున్నాయి. జయంతి మాత్రం నచ్చింది.

యండమూరి 'తులసిదళం' సీరియల్‌గా వస్తున్నప్పుడు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి భయపడిన వాళ్ళను చూశాను. పట్టు విడవకుండా చదివించడంలో ఆయనకు సాటి లేదు. చేతబడిని అంత నమ్మకంగా రాయడం తప్పని నేను అప్పుడే పోట్లాడాను. రంగనాయకమ్మ గారైతే దాని మీద విమర్శ పుస్తకమే రాశారు. నచ్చని పుస్తకాన్ని ఆవిడ అసలు వదలరు. 'రామాయణ విషవృక్షం' చూడండి. ఆవిడతో ఒక్క ముక్కలోనూ ఏకీభవించని వాళ్ళు కూడా వాల్మీకిని ఆవిడ ఎంత వివరంగా చదివారో కాదనలేరు. ద్వేషించడానికి అంత శ్రమ పడ్డారు!

ఇప్పుడు ఆ శ్రమ ఏది? ఫోన్లో నాలుగు నక్షత్రాలు నొక్కితే అభిప్రాయం చెప్పేసినట్టే. కొందరైతే పుస్తకమే అక్కర్లేదు, పావుగంట సారాంశం వింటే చాలంటున్నారు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'కి ఏం సారాంశం చెబుతావు? తల్లి మీద పడిన నింద దయానిధిని జీవితాంతం వెంటాడుతుంది, అంతేనా? ఆ నింద అతడి ప్రతి స్నేహంలోకీ ఎలా చొరబడుతుందో పేజీ వెంట పేజీ మెల్లగా నడిస్తే గానీ అందదు. పాతికేళ్ళప్పుడు దయానిధి మీద నాకు విసుగు. యాభై దాటాక జాలి. ఆ రెంటినీ ఏ నక్షత్రాల్లో చెప్పాలి?

రచయితలకూ ఈ గిరులు ఉండేవి కావు. కొడవటిగంటి కుటుంబరావు గారు 'చందమామ'లో పిల్లల కథలు తీర్చిదిద్దిన చేత్తోనే 'చదువు' నవల రాశారు, సినిమా గురించీ సైన్సు గురించీ వ్యాసాలు రాశారు. విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కారుచవకగా దొరికే సోవియట్ పుస్తకాల్లో గోర్కీ పక్కనే పెరెల్మాన్ భౌతికశాస్త్రం ఉండేది. లెక్కల్లో సున్నాలు తెచ్చుకునేవాడు కూడా దాన్ని తిరగేసేవాడు.

ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఈనాటికీ కడుతూనే ఉన్నాం. నేను వెళ్ళే శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల గైడ్లకే కుర్చీలు చాలడం లేదు, కొత్త నవల కనబడి ఏళ్ళయింది. అడిగితే ఎవరూ చదవడం లేదంటారు. బల్ల మీద పెట్టకుండా చదవడం లేదని ఎలా తెలుస్తుందయ్యా?

మా మనవరాలికి ఈ సెలవుల్లో ముందు యుగంధర్‌ని ఇస్తాను, తర్వాత జయంతిని, ఆపైన దయానిధిని. నచ్చకపోతే తిట్టమంటాను. ఏ పేజీలో, ఏ మాట దగ్గర, ఎందుకు నచ్చలేదో నా ఎదురుగా కూర్చుని చెప్పాలి. నేను ఒప్పుకోను, వాదిస్తాను.